అందరివీ పక్క మొహాలే

ఫోటోగ్రఫీ మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు. ఈసారి అన్నీ మన సీమ జిల్లాల ఉత్తరాలే.

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా మామయ్యకి పెళ్లి ఫోటోల స్టూడియో ఉంది. ఆయన కొత్త కెమెరా కొన్నప్పుడు పాతది 18-55 ఎంఎం లెన్సుతో సహా నాకిచ్చేశాడు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా స్కూల్లో, కాలేజీలో ఏ ఆటల పోటీ జరిగినా, ఏ వార్షికోత్సవం జరిగినా ఫోటోలు తీసేది నేనే. ఇప్పుడు జర్నలిజం పీజీకి అప్లై చేద్దామని, మంచివి ఏరుదామని హార్డ్‌డిస్క్ తెరిచి చూస్తూ కూర్చుంటే ఏడుపొచ్చేసింది సార్. ఫోకస్ బాగానే ఉంది, వెలుతురు బాగానే ఉంది, కానీ అన్నీ ఒకేలా ఉన్నాయి. కబడ్డీ ఏ సంవత్సరందో, ఖోఖో ఏ సంవత్సరందో నాకే తెలియట్లేదు. మనసుకి నచ్చినవి రెండే, అందులో ఒకటి షేక్ అయింది. 2024లో ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగినప్పుడు పేపరోళ్ల పెద్ద పెద్ద లెన్సులు చూశాక, నా దగ్గర అలాంటిది లేకపోవడమే అసలు సమస్యేమో అనిపిస్తోంది. కొన్ని ఫోటోలు ప్రింట్ వేయించి పంపుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి. పనికిరానివన్నీ డిలీట్ చేసేయమంటారా?

జవాబు: ముందు ఆ డిలీట్ బటన్ మీదనుంచి వేలు తియ్యమ్మా. ఏడుస్తూ డిలీట్ చేసినవాళ్లు తర్వాత ఇంకోసారి ఏడవడం చాలా చూశాను.

నీ ప్రింట్లన్నీ టేబుల్ మీద పరిచి చూశాను. మొహమాటం వద్దన్నావు కాబట్టి సూటిగా చెబుతున్నా, లెన్సు సమస్య కాదు. ఒక్కసారి నువ్వూ అలాగే అన్నీ పక్కపక్కన పరిచి, ఆట సంగతి మర్చిపోయి, మొహాలు మాత్రమే చూడు. కబడ్డీలో కూతకెళ్లిన అమ్మాయిది సగం మొహం. పరుగు పందెంలో ఆరుగురివీ సగం మొహాలు, అది కూడా మొదటి లైనులో ఉన్న పిల్ల మిగతావాళ్లని కప్పేసింది. వాలీబాల్లో నెట్టు దగ్గర ఎగిరినవాళ్లు ఇద్దరూ ఒకళ్ల వీపు ఒకళ్లకి చూపించుకున్నట్టున్నారు. అందరివీ పక్క మొహాలే. ఎందుకంటే ప్రతి ఫోటోలోనూ నువ్వు నిలబడింది ఒకేచోట: షామియానా పక్కన.

తప్పు నీదని అనట్లేదు. ఏ స్కూల్లోనైనా జరిగేది ఇదే. ముఖ్య అతిథికి రెండు జట్లూ కనిపించాలని కోర్టు పొడుగు షామియానాకి ఎదురుగా వచ్చేట్టు సున్నం గీతలు గీస్తారు. సాయంత్రం ఎండ ఆయన కళ్లల్లో పడకూడదని షామియానాని పడమటి వైపు వేస్తారు. కెమెరా ఉన్న పిల్ల దూరంగా పోతే శాలువా కప్పేటప్పుడు దొరకదని హెడ్మాస్టరు "నువ్వు ఇక్కడే ఉండమ్మా" అంటాడు. నువ్వు అక్కడే ఉన్నావు. అంటే ఇన్నేళ్లూ నువ్వు ఆటని ముఖ్య అతిథి చూసినట్టే చూశావు. ఆయనకి ఆటంటే ఏ మాత్రం ఆసక్తి ఉంటుందో నీకు తెలుసు కదా, మధ్యలో ఫోన్ మాట్లాడుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు నువ్వే మళ్లీ గ్రౌండుకి పోయావనుకో. మీ ఊరి పోలీస్ ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండులో ఏ ఆదివారం పొద్దున పోయినా ఏదో ఒక ఆట జరుగుతూనే ఉంటుంది, ఎవరి పర్మిషన్ లెటరూ అక్కర్లేదు, ఆడేవాళ్లని ఒక మాట అడిగితే చాలు. కబడ్డీ అయితే పక్క గీత వదిలేసి, పట్టేవాళ్ల వెనకున్న చివరి గీత దాటి కాస్త దూరంలో నేలమీద కూర్చో. నిలబడకు, కూర్చో. కూతకొచ్చే ఆటగాడి మొహం సరిగ్గా నీకు ఎదురుగా వస్తుంది, ముందు ఏడుగురి వీపులు, వాటి సందుల్లోంచి ఆ కళ్లు. అయితే వాణ్ణి పట్టుకున్నాక, మధ్య గీత అందుకోడానికి అటు తిరిగి పాకేటప్పుడు నీకు వాడి వీపే దొరుకుతుంది. ఆ పాకడం కావాలంటే అటు చివరికి పోవాలి. ఒకే కూతలో రెండూ దొరకవు, ఫస్టాఫ్ ఇటు, సెకండాఫ్ అటు. వాలీబాల్‌కి ఎదుటి కోర్టు మూలలోంచి తీస్తే స్మాష్ కొట్టేవాడి మొహం నెట్టు పైనుంచి వస్తుంది. లాంగ్‌జంప్‌కి ఇసుక గుంట చివర, పరుగుకి ముగింపు గీత అవతల, లైన్ల మధ్యలో కాకుండా కొంచెం పక్కకి. ఖోఖోకి మాత్రం గుంజ (కోర్టు చివర పాతే కర్ర) వెనక, మూలగా. గుంజ దగ్గర తిరిగే పిల్లని అందుకోడానికి తరిమే పిల్ల డైవ్ కొట్టేది అక్కడే, దుమ్ము లేచేదీ అక్కడే. ఖోఖో కోసం పోతే తెల్లారి బట్టలు ఉతుక్కోడానికి సిద్ధంగా ఉండు.

చోటు మారితే సరిపోతుందా అంటే సరిపోదు, ఆట తెలియాలి. నీ ఫోటోల్లో ఇంకొకటి గమనించాను, క్లిక్ ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యం. చప్పట్లు విని నొక్కినట్టుంది. కబడ్డీలో అవతలి కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ పాయింటు ఉంటుంది, అది కూడా ఒక కాలు బోనస్ గీత అవతల ఆనాలి, రెండో కాలు గాలిలో ఉండాలి. ఈ సంగతి తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, కూత మొదలవ్వగానే అవతల ఎంతమంది ఉన్నారో లెక్క చూసి, ఆరుగురికి తగ్గకపోతే ఇక చేతుల వంక చూడరు, కాళ్ల వంకే చూస్తారు. కూతకి 30 సెకన్లే టైము. చివరి ఐదారు సెకన్లలో ఏదో ఒకటి తేలిపోతుంది, అప్పటిదాకా ఊరికే నొక్కుతూ కూర్చుంటే సరిగ్గా ఆ టైముకి పాత కెమెరా బఫర్ (తీసిన ఫోటోలు కార్డులోకి పోయేదాకా ఆగే చోటు) నిండిపోయి మొరాయిస్తుంది. ఇవన్నీ నీకు నాకంటే మీ పీఈటీ సారు బాగా చెబుతాడు. నీ ఫోటోలు తీసుకుపోయి ఆయనకి చూపించు. "ఇది బాగుంది" అని ఆయన దేన్ని తీస్తాడో చూడు, నువ్వు ఏరినదానికీ ఆయన ఏరినదానికీ పొంతన ఉండదు.

ఇక లెన్సు. మన అనంతపురం ఎండని ఊరికే తిట్టుకుంటాం గానీ, ఆటల ఫోటోలకి అది దేవుడిచ్చిన లైటు. నిండు ఎండలో ఐఎస్‌ఓ (వెలుగుని కెమెరా అందుకునే తీరు) 400 పెట్టి, లెన్సు రంధ్రం ఎఫ్/8 దగ్గర ఉంచితే షట్టర్ వేగం సెకనులో 1/1600 దాకా వస్తుంది. కబడ్డీకి 1/1000 ఉంటే ధారాళం. అంటే లక్షలు పోసి కొనే పెద్ద లెన్సు ఇచ్చే వేగం నీ కిట్ లెన్సు పగటిపూట ఇస్తోంది. పెద్ద లెన్సు అవసరం నీకు సాయంత్రం ఐదు దాటాక, లేదంటే క్రికెట్ లాంటి ఆటకి, అక్కడ బౌండరీ బయటనుంచి పిచ్ దాకా చాలా దూరం కాబట్టి. దులీప్ ట్రోఫీలో నువ్వు చూసిన లెన్సుల పని అదే. కబడ్డీ కోర్టు మగవాళ్లదే 13 మీటర్లు, ఆడపిల్లలది 12. చివరి గీత దగ్గర కూర్చుంటే నీ లెన్సులో 55 చాలు. చాలకపోతే కట్ చేసుకో. 24 మెగాపిక్సెళ్ల ఫోటోని వెడల్పులో సగం, ఎత్తులో సగం చేసినా 6 మెగాపిక్సెళ్లు మిగులుతాయి, పది అంగుళాల వెడల్పు ప్రింటుకి అంతకంటే అక్కర్లేదు. డబ్బులు చేతిలో ఆడినప్పుడు దూరానివి దగ్గరగా చూపించే 55-250 లెన్సు సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కో, అంతవరకు మామయ్యని సతాయించకు.

కాకపోతే ఆ ఎండకి ఒక మెలిక ఉంది. మిట్టమధ్యాహ్నం కళ్లు రెండూ నీడలో పడి నల్లటి గుంటల్లా వస్తాయి, నీ పరుగు పందేల ఫోటోల్లో అదే జరిగింది. దానికి నేలే మందు. మన ఎర్రనేల ఎండని కింది నుంచి మొహం మీదకి కొడుతుంది, ఆటగాళ్లు వంగినప్పుడు, పడినప్పుడు, లేచేటప్పుడు మొహం నిండా వెచ్చటి వెలుగు ఉంటుంది. మధ్యాహ్నం తీయాల్సొస్తే నిటారుగా నిలబడ్డవాళ్లని వదిలేసి ఆ వంగిన క్షణాలు పట్టు. తెల్ల యూనిఫారాలు ఫ్రేము నిండా ఉంటే కెమెరా మోసపోయి మొహాలు నల్లగా చేస్తుంది, ఎక్స్‌పోజర్ కొంచెం పెంచుకో. బహుమతుల ఫోటోల్లో అందరూ చెర్రీపండు రంగులో ఉన్నారు చూశావా? అది షామియానా గుడ్డ రంగు. ఎర్ర గుడ్డ కింద ఏం చేసినా ఎర్రగానే వస్తారు. సర్టిఫికెట్ ఇచ్చాక గెలిచినవాళ్లని పదడుగులు బయటకి పిలిచి, చెట్టు నీడలో ఇంకోటి తియ్యి. వార్షిక సంచికలో వాళ్లు వేసుకునేది రెండోదే అవుతుంది.

ఇప్పుడు నీకు నచ్చిన రెండింటి గురించి. షేక్ అయింది అన్నావే, ఖోఖోది, అది షేక్ కాదు. చేయి వణికితే ఫ్రేములో ఉన్నదంతా ఒకే దిక్కుకి సాగుతుంది, వెనక గోడతో సహా. ఇందులో గోడ మీద సున్నం పెచ్చులు కూడా స్పష్టంగా ఉన్నాయి, కూర్చున్న పిల్లల జడలకి కట్టిన రిబ్బన్లు స్పష్టంగా ఉన్నాయి, పరిగెత్తే అమ్మాయి పాదాలు మాత్రమే చెదిరాయి. చెప్పుల్లేని పాదాలు, మడమ దగ్గర ప్లాస్టర్ ముక్క ఊడి వేలాడుతోంది, అది కూడా కనీకనపడకుండా. కూర్చున్నవాళ్లు ఒకరు ఇటూ ఒకరు అటూ మొహం తిప్పి ఉంటారు కాబట్టి నలుగురి మొహాలు మనకి దొరికాయి, నాలుగింట్లో నాలుగు రకాల కంగారు. ఇది నీ అన్ని ఫోటోల్లోకి మంచిది. ఏమైనా అనుకో, ఇది షామియానా పక్కనుంచి తీసింది మాత్రం కాదు, నీడ పడిన తీరు చూస్తే అవతలి వైపు నుంచి తీశావు. అతిథి వెళ్లిపోయాక తీసినట్టుంది.

రెండోది, ఓడిపోయిన జట్టు కుళాయి దగ్గర మొహాలు కడుక్కునేది. ఇది నీకు ఎందుకు నచ్చిందో ఊహించగలను, అందులో నీ స్నేహితురాలు ఉండుంటుంది, ఆ రోజు ఏం జరిగిందో నీకు గుర్తుంది. చూసే నాకు ఆ కథ తెలియదు. నాకు కనిపించేది కుళాయి, మూడు వీపులు, పక్కన పార్కు చేసిన స్కూటరు. ఓడిపోయారని ఫోటోలో ఎక్కడా లేదు, వెనకాల నువ్వు రాసి పంపావు కాబట్టి తెలిసింది. ఇది నీ ఇంటి ఆల్బంలో ఉండాల్సిన ఫోటో, తప్పకుండా ఉంచుకో, అప్లికేషన్‌తో మాత్రం పంపకు. పాత ఫోటోలు చూసుకునేటప్పుడు వచ్చే చిక్కంతా ఇదే, మనం ఫోటోని చూస్తున్నామో ఆ రోజుని చూస్తున్నామో తేల్చుకోవడం కష్టం. అందుకే ఏరే పని ఒక్కదానివే చెయ్యకు. పీఈటీ సారు ఒకరు, ఆట అంటే ఏమీ తెలియని మీ అమ్మమ్మలాంటి మనిషి ఒకరు, ఇద్దరికీ చూపించు. ఇద్దరూ ఆగి చూసింది ఉంచు.

కోర్సుకి పంపేటప్పుడు పది, పన్నెండుకి మించొద్దు. అందులో రెండు మూడు షామియానా ఫోటోలు కూడా పెట్టు, అవునవును, శాలువా ఫోటోలే. ఒకదాంట్లో అతిథి వెనక కుర్చీలో స్పోర్ట్స్ డ్రెస్సులో కూర్చున్న చిన్నపిల్ల కునికిపాట్లు పడుతోంది, నువ్వు చూసుకోలేదేమో. స్కూల్లో ఆటల పోటీ అంటే సగం ఆ ఎదురుచూపే కదా. దాన్ని ఎడమవైపు కొంచెం కట్ చేస్తే చాలు.

ప్రశ్న: అన్నా, మాది కడప. ఇండోర్ హాల్లో షటిల్ టోర్నమెంట్ ఫోటోలు తీస్తే ఒక ఫోటో పచ్చగా, ఒకటి చీకటిగా, ఒకదాంట్లో అడ్డంగా చారలు. సెట్టింగులు మార్చలేదు. సెన్సార్ పోయిందా? రిపేరు షాపులో అడిగితే బోర్డు మార్చాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: బోర్డూ వద్దు గీర్డూ వద్దు తమ్ముడూ, డబ్బులు జేబులో పెట్టుకో. అది హాల్లో లైట్ల పని. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో పాతరకం ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి తెలియదు. నువ్వు షట్టర్ 1/1000 పెట్టావంటే ఆ ఎత్తుపల్లాల్లో ఒక చిన్న ముక్క మాత్రమే పడుతుంది, ఒకసారి వెలుగు పెరిగినప్పుడు, ఒకసారి తగ్గినప్పుడు. సందేహం ఉంటే అదే కెమెరాతో బయట ఎండలో వరసగా ఓ యాభై ఫోటోలు తీసి చూడు, ఒక్క చార రాదు.

కొత్త కెమెరాల్లో చాలావాటికి మెనూలో యాంటీ-ఫ్లికర్ అని ఉంటుంది, ఉంటే ఆన్ చెయ్యి. లేకపోతే షట్టర్ 1/100కి దించాలి. 1/100లో స్మాష్ చెదురుతుంది కదా అంటావు. చెదురుతుంది. అందుకని స్మాష్ కొట్టే క్షణం వదిలేసి, ఎగిరి పైన ఆగినట్టు కనిపించే క్షణం, సర్వీసుకి ముందు షటిల్‌ని వేళ్ల మధ్య పట్టుకుని ఎదుటివాణ్ణి చూసే క్షణం, అలాంటివాటి మీద పడు. షటిల్‌లో అలాంటివి బోలెడు. రంగు సంగతికి రా (RAW) ఫైల్లో తీసుకో, తర్వాత సరిచేసుకోవచ్చు, లేదంటే ఆట మొదలయ్యే ముందు ఎవరిదైనా తెల్ల టీషర్టు చూపించి వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకో. ఫ్లాష్ మాత్రం వెయ్యకు, ఆడేవాళ్ల కళ్లల్లో పడుతుంది, అంపైర్ నిన్ను బయటకి పంపినా నేను వాళ్ల పక్షమే.

ప్రశ్న: నేను కర్నూలు జిల్లాలో ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా అమ్మాయిల కబడ్డీ జట్టు ఫోటోలు తొమ్మిదో తరగతి కుర్రాడొకడు చాలా బాగా తీస్తాడు. అందులో ఒకటి ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. ఒక అమ్మాయి తండ్రి స్కూలుకొచ్చి గొడవ చేసి, ఆటే మాన్పిస్తానన్నాడు. కుర్రాడు కెమెరా ముట్టుకోవట్లేదు. ఏం చేయాలి?

జవాబు: మేడమ్ గారూ, ఆ తండ్రి మీద నాకు కోపం రావట్లేదు. కూతురి ఫోటో ఎవరి ఫోన్లో తిరుగుతోందో, కింద ఎవడు ఏం రాస్తున్నాడో తెలియకపోతే ఏ తండ్రికైనా భయమే. చట్టం కూడా ఆయనవైపే మొగ్గుతుంది, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లల కిందే లెక్కగట్టి, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలంటోంది. స్కూలు పేరుతో నడిచే ఏ పేజీలోనైనా పిల్లల ఫోటో పెట్టేముందు కాగితం మీద సంతకం తీసుకోవడం మంచిది. జూన్‌లో అడ్మిషన్లప్పుడే ఆ కాగితం కూడా పెట్టేయండి.

కానీ ఫోటోలు ఆపొద్దు. జిల్లా పేజీల్లో ఆటల ఫోటోలు తిరగేయండి, మగపిల్లల మధ్య ఆడపిల్లలు ఎంతమంది కనిపిస్తారో మీకు తెలుసు. కుర్రాడికి రెండు సంగతులు చెప్పండి. ఆటలో పట్టుకునేటప్పుడు బట్టలు పక్కకి జరిగిన ఫ్రేములు ఆరోజే, అక్కడే డిలీట్ చేసేయాలి, ఎంత మంచి పట్టయినా సరే. మిగిలినవి ముందు ఆ అమ్మాయిలకే చూపించాలి, వాళ్లు వద్దన్నది వద్దు. ఆడేవాళ్లు వద్దనే ఫోటో నిజానికి ఫోటోగా కూడా బాగుండదు, ఇది నా అనుభవం. ఎవరిది ఉంచాలో తేల్చే అధికారం మీ జట్టు కెప్టెన్‌కి ఇచ్చినా బాగుంటుంది.

ఇక ఆ తండ్రి. ఆయన చూసింది ఫోన్లో చిన్న ఫోటో, అదీ ఎవరో పంపితే. ఆయన కూతురు కూతకెళ్లే ఫోటో ఒకటి పన్నెండు అంగుళాలది ప్రింట్ వేయించి, ఆ కుర్రాడి చేతికి కాకుండా ఆ అమ్మాయి చేతికే ఇచ్చి ఇంటికి పంపండి. ఒప్పుకుంటాడని నేను హామీ ఇవ్వలేను. ఇంట్లో తల్లి, నాయనమ్మ కూడా చూస్తారు కదా, మాట అక్కడనుంచి కదలొచ్చు.

ప్రశ్న: సార్, ధర్మవరం నుంచి రాస్తున్నా, ఇంటర్. గ్రౌండులో తీసిన ప్రతి ఫోటోలో ఆకాశంలో ఒకేచోట నల్లచుక్క వస్తోంది. లెన్సు ఎంత తుడిచినా పోవట్లేదు.

జవాబు: లెన్సు మీదది కాదు, సెన్సార్ మీద దుమ్ము. గ్రౌండులో లెన్సు మార్చి ఉంటావు. ఇకమీద గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి ఉంచి మార్చు, కుదిరితే బండి దగ్గరికో తరగతి గదిలోకో పోయి మార్చు. ఇప్పుడున్న చుక్కకి రబ్బరు బ్లోయర్ తెచ్చుకుని, మెనూలో సెన్సార్ క్లీనింగ్ మోడ్ పెట్టి, కెమెరాని తలకిందులుగా పట్టుకుని దాంతో నాలుగైదుసార్లు గాలి కొట్టు. నోటితో మాత్రం ఊదకు బాబూ, తుంపరలు పడితే చుక్క కాస్తా మచ్చ అవుతుంది, అప్పుడు నిజంగానే రిపేరు షాపుకి పోవాలి.